మొదటి గిగాపిక్సెల్ ఫోటో తీయబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

రోబోటిక్ మౌంట్ చేతికొచ్చిందనీ, ఈ ఆదివారమే కొండెక్కి, వందల ఫోటోలు తీసి అతికించి, ఊరంతా వంద కోట్ల పిక్సెల్స్ (గిగాపిక్సెల్) దాటే ఒకే ఫోటోలోకి తెస్తాననీ రాశావు. చాలా సంతోషం. బయల్దేరే ముందు ఈ ఉత్తరం రెండుసార్లు చదువు. ఇందులో ఉన్నదంతా నేను పాడుచేసుకున్న ఫోటోల వల్ల నేర్చుకున్నదే.

మౌంట్ చేసేది మూడే పనులు: తిప్పుతుంది, ఆగుతుంది, షట్టర్ నొక్కుతుంది. మిగతా నిర్ణయాలన్నీ నీవే, అవన్నీ స్టార్ట్ నొక్కకముందే అయిపోవాలి. ఒకసారి మొదలయ్యాక మధ్యలో ఏదీ మార్చడానికి వీల్లేదు.

ముందు కాగితం మీద లెక్క వేసుకో. నీది ఫుల్ ఫ్రేమ్ కెమెరా (సెన్సార్ 36 x 24 ఎంఎం), 24 మెగాపిక్సెల్స్. 200 ఎంఎం లెన్స్ పెడితే ఒక్కో ఫ్రేమ్‌లోకి అడ్డంగా సుమారు 10.3 డిగ్రీలు, నిలువుగా 6.9 డిగ్రీలు వస్తాయి. పక్కపక్క ఫ్రేములు 30 శాతం ఒకదాని మీద ఒకటి పడాలి. ఈ లెక్కన 180 డిగ్రీల వెడల్పు, 50 డిగ్రీల ఎత్తు కావాలంటే 25 నిలువు వరసలు, ఒక్కో వరసలో 10 ఫోటోలు, మొత్తం 250. అన్నీ అతికాక వెడల్పు లక్షా అయిదు వేల పిక్సెల్స్ దాటుతుంది, బొమ్మ 3 గిగాపిక్సెల్స్ అవుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఫోటోకి 4 సెకన్లు పట్టినా మొత్తం పని 17 నిమిషాలు. అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఈ 17 నిమిషాల గురించే. నువ్వు తీసేది ఒక క్షణాన్ని కాదు, 17 నిమిషాల కాలాన్ని. ఆ లోపు ఆకాశంలో సూర్యుడు 4 డిగ్రీలు జరుగుతాడు, నీడలు కదులుతాయి, మబ్బులు చోటు మారతాయి.

అందుకే అడ్డ వరసల్లో కాకుండా నిలువు వరసల్లో తీయమని మౌంట్‌కి చెప్పు. పైనుంచి కిందికి పది తీసి, పక్కకి జరిగి మళ్లీ పది తీస్తే పక్కపక్క ఫ్రేముల మధ్య తేడా 40 సెకన్లు. అదే అడ్డంగా తీశావనుకో, ఒక ఫ్రేముకీ దాని కింది ఫ్రేముకీ మధ్య 100 సెకన్లు గడిచిపోతాయి. ఆ తేడా మబ్బుల అంచుల్లోనూ నీడల్లోనూ కనిపిస్తుంది.

ఆకాశం పూర్తిగా తేటగా ఉన్న రోజో, మొత్తం సమంగా మబ్బు పట్టిన రోజో చూసుకో. అక్కడక్కడా మబ్బు తునకలున్న రోజు మాత్రం వద్దు. ఊరి మీద నీడ పరిగెడుతూ ఉంటే, ఒక వీధి ఎండలో, పక్క వీధి నీడలో పడి, ఆ గీత ఏ ఎడిటింగ్‌కీ లొంగదు. తెల్లారిన వెంటనే వెలుగు నిమిషనిమిషానికీ మారుతుంది. మధ్యాహ్నమేమో నేల వేడెక్కి గాలి అలలు అలలుగా లేస్తుంది, దూరపు మేడలు నీళ్లలో ఉన్నట్టు వణుకుతాయి. పొద్దెక్కి కాస్త కుదుటపడ్డాక, వేడి ఇంకా పెరగకముందు తియ్యి.

కెమెరాలో ఏదీ ఆటోమేటిక్‌లో ఉండకూడదు. షట్టర్ స్పీడ్, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు), ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సార్ స్పందన), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) అన్నీ నువ్వే పెట్టి వదిలెయ్. అన్నిటికంటే వెలుగెక్కువున్న చోట ఒక పరీక్ష ఫోటో తీసి, అక్కడ తెల్లగా మాడిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టు. రా ఫైళ్లే (కెమెరా కుదించని అసలు ఫైళ్లు) తియ్యి. అపర్చర్ ఎఫ్/8 దగ్గర ఆగు. ఎఫ్/16కి వెళ్తే రంధ్రం మరీ చిన్నదై, డిఫ్రాక్షన్ (వెలుగు చెదరడం) వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది. లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసెయ్, అది ఆకాశంలో ఒక భాగాన్నే నల్లబరుస్తుంది.

ఫోకస్ గురించి విడిగా చెప్పాలి. ఒకసారి నేను మూడు వందల పైచిలుకు ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి చూస్తే, ఒక వరస మొత్తం మసకగా ఉంది. ఆటోఫోకస్ ఆపడం మర్చిపోయాను. దగ్గర్లో వేలాడుతున్న కరెంటు తీగని పట్టుకుని కెమెరా ఊరిని వదిలేసింది. మళ్లీ అంతదూరం వెళ్లేసరికి అక్కడ కొత్త కట్టడం లేచింది, ఆ దృశ్యం ఇక దొరకలేదు. ఆ బాధ నీకొద్దు. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) బాగా పెద్దది చేసి చూసి, ఫోకస్ రింగ్ మీద టేపు అంటించు. జూమ్ లెన్స్ అయితే జూమ్ రింగ్‌కీ అంటించు, పైకీ కిందికీ వంగేటప్పుడు అది తనంతట తనే జారుతుంది. 200 ఎంఎం, ఎఫ్/8 దగ్గర హైపర్‌ఫోకల్ దూరం (అక్కడ ఫోకస్ పెడితే చివరిదాకా అన్నీ స్పష్టంగా వస్తాయనే దూరం) సుమారు 167 మీటర్లు అని చార్టుల్లో కనిపిస్తుంది. దాన్ని గుడ్డిగా నమ్మకు. అది మామూలు సైజు ప్రింటుని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. నీ ఫోటోని జనం పిక్సెల్ దాకా జూమ్ చేసి చూస్తారు. నీకు ముఖ్యమైనది ఎక్కడుందో అక్కడికే ఫోకస్ చెయ్యి.

ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపకు. కెమెరా పట్టీ తీసెయ్, గాలికి అది తెరచాపలా లాగుతుంది. స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఆపు. మౌంట్ ఆగాక షట్టర్ పడేలోపు ఒకటి రెండు సెకన్ల విరామం పెట్టు, ఊపు తగ్గాలి. తొందరపడి ఈ విరామం తగ్గించినవాళ్ల ఫోటోలు జూమ్ చేస్తే తెలిసిపోతుంది.

కెమెరా తిరిగే అక్షం లెన్స్ ఎంట్రన్స్ ప్యూపిల్ (లెన్స్ ముందు నుంచి చూస్తే అపర్చర్ కనిపించే చోటు) గుండా పోవాలి, లేకపోతే దగ్గరి వస్తువులు దూరపువాటి ముందు జరిగి అతుకు కుదరదు. దాన్నే చాలామంది నోడల్ పాయింట్ అంటారు. దగ్గర ఒక కర్ర, దూరంగా ఒక స్తంభం ఒకే గీతలోకి తెచ్చి కెమెరా అటూ ఇటూ తిప్పు. రెండూ విడిపోతుంటే మౌంట్ మీది పట్టాల మీద కెమెరాని ముందుకో వెనక్కో జరుపు. కొండ మీద నుంచి అన్నీ దూరంగానే ఉంటే దీన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఫ్రేములో రెయిలింగో చెట్టుకొమ్మో పడితే మాత్రం పట్టించుకుని తీరాలి.

మొదలుపెట్టే ముందు లెన్స్ ముందు చెయ్యి పెట్టి ఒక ఫోటో, అయిపోయాక ఇంకొకటి తియ్యి. ఏ ఫోటోలు ఏ పనోరమావో (అతికించిన పెద్ద బొమ్మవో) తేల్చుకోవడానికి అంతకంటే సులువైన గుర్తు లేదు. బ్యాటరీలు నిండుగా ఉండాలి, కెమెరాదీ మౌంట్‌దీ రెండూ.

ఇక అతికించడం. దానికి వాడే సాఫ్ట్‌వేర్లలో హగిన్ ఉచితం, పీటీగుయ్ డబ్బు పెట్టి కొనాలి. రెండూ మంచివే. పక్కపక్క ఫోటోల్లో ఒకే బిందువులు వెతికి పట్టుకోవడమే వీటి పని. 1999లో డేవిడ్ లో (David Lowe) అనే శాస్త్రవేత్త ప్రకటించిన సిఫ్ట్ (SIFT) పద్ధతి వచ్చాక ఈ వెతుకులాట చాలా నమ్మకంగా జరుగుతోంది. కానీ ఖాళీ నీలాకాశంలో పట్టుకోవడానికి బిందువంటూ ఏదీ ఉండదు. అక్కడే రోబో మౌంట్ ఉపయోగం. 25 నిలువు వరసలు, వరసకి 10 అని సాఫ్ట్‌వేర్‌కి చెబితే, బిందువులు దొరకని ఫ్రేములని కూడా వాటి స్థానంలో కూర్చోబెడుతుంది. ఆకులు, నీళ్లు, మబ్బులు, బండ్ల మీద పడిన బిందువులు తీసెయ్. సగం బస్సు కనిపిస్తే ఆ చోట మాస్క్ వేసి ఆ భాగాన్ని కప్పెయ్. 180 డిగ్రీల వెడల్పు మామూలు సమతల ప్రొజెక్షన్‌లో (దృశ్యాన్ని చదునుగా పరిచే పద్ధతిలో) ఇమడదు, సిలిండ్రికల్ (స్తూపాకార) ప్రొజెక్షన్ ఎంచుకో.

ముందు పావు సైజులో అతికించి అతుకులు చూడు, బాగుంటేనే పూర్తి సైజుకి వెళ్లు. జేపెగ్ ఫైల్ ఒక వైపు 65,535 పిక్సెల్స్ దాటదు, నీ ఫోటో అందులో పట్టదు. ఫోటోషాప్ వారి పెద్ద ఫైళ్ల రకం పీఎస్‌బీలో పడుతుంది. ఓపిక కూడా కావాలి. 2009 జనవరి 20న ఒబామా ప్రమాణ స్వీకారాన్ని ఫోటోగ్రాఫర్ డేవిడ్ బెర్గ్‌మన్ గిగాపాన్ అనే రోబోటిక్ మౌంట్‌తో 220 ఫోటోలుగా తీశాడు. 1,474 మెగాపిక్సెల్స్ వచ్చిన ఆ బొమ్మని అతికించడానికి ఆయన ల్యాప్‌టాప్‌కి 6 గంటలకు పైనే పట్టింది.

ఆ ఫోటోలో జనం ముఖాలు గుర్తుపట్టొచ్చు. నీ ఫోటోలోనూ అంతే. ఎవరి కిటికీలోనో, ఎవరి డాబా మీదో జరిగేది వాళ్లకి తెలియకుండా నీ ఫైల్లోకి వచ్చేస్తుంది. నలుగురికీ చూపించే ముందు మొత్తం ముక్కముక్కగా జూమ్ చేసి చూసుకుని, అలాంటివి మసక చెయ్యి. రెండు మూడు గంటల పని అయినా సరే, దీన్ని మాత్రం వదలకు.

శనివారం సాయంత్రం డాబా మీద ఓ 3 వరసలు తీసి, అతికించి నాకు పంపు. అతుకులు ఎక్కడ తప్పుతున్నాయో చూసి రాత్రికే ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య