టెక్ సందేహాలు: చర్చకు తర్వాతి పుస్తకాన్ని పోల్ పెట్టి ఎంచుకోవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మా కాలనీవాళ్లం 12 మందిమి కలిసి నెలకొక నాన్‌ఫిక్షన్ పుస్తకం చదివి చర్చించుకుంటున్నాం. పుస్తకాన్ని వాట్సాప్ పోల్‌తో నిర్ణయిస్తున్నాం. ఒకరికి ఒక ఓటే ఉండటం న్యాయమని, ఒకటి కంటే ఎక్కువ సమాధానాలకు అనుమతినిచ్చే మీటను ఆపేశాం. అయినా గత మూడు నెలలుగా సగం మంది కూడా చదివి రావడం లేదు. ఇంతకంటే మంచి యాప్ ఉందా?

జవాబు: ముందు మార్చాల్సింది యాప్‌ను కాదు, అడిగే తీరును. ఆపేసిన ఆ మీటను మళ్లీ ఆన్ చేయండి. ఆరు పుస్తకాలకు మీ 12 ఓట్లు వరుసగా 4, 3, 2, 1, 1, 1 చొప్పున చీలాయనుకుందాం. నాలుగు ఓట్లు వచ్చిన పుస్తకం గెలుస్తుంది. కానీ మిగిలిన ఎనిమిది మందిలో దాన్ని ఎందరు ఇష్టంగా చదువుతారో, ఎందరు అసలు తెరిచి చూడరో ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. రెండే ఓట్లు పడిన పుస్తకం మిగతావారిలో ఏడెనిమిది మందికి రెండో ఇష్టం అయి ఉండవచ్చు, అదీ కనిపించదు. అందుకే పోల్‌లో ప్రశ్నను ఇలా రాయండి: "వీటిలో ఏది ఖరారైతే మీరు చివరిదాకా చదివి చర్చకు రాగలరో, వాటన్నిటికీ టిక్ పెట్టండి." ఎక్కువ టిక్కులు వచ్చిన పుస్తకమే ఎక్కువ మంది చదివే పుస్తకం. వాట్సాప్ పోల్‌లో 12 పేర్ల వరకు ఇవ్వవచ్చు గాని, ఆరు దాటితే అన్నిటి గురించీ ఆలోచించి ఓటు వేసేవారు తగ్గిపోతారని నా అభిప్రాయం.

రెండు పుస్తకాలకు సమానంగా టిక్కులు వస్తే, అప్పుడు ప్రాధాన్య క్రమం అడగవచ్చు. ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు, రాష్ట్రపతి ఎన్నిక జరిగేది ఇలాగే. 1969లో ఇద్దరు తెలుగువారు, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి తలపడినప్పుడు మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ అవసరమైన ఆధిక్యం రాలేదు. రెండో ప్రాధాన్యాలు లెక్కించాకే గిరి గెలుపు తేలింది. మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు. గూగుల్ ఫారమ్స్‌లో గ్రిడ్ ప్రశ్నను ఎంచుకుని, పుస్తకాల పేర్లను అడ్డవరుసల్లోనూ, 1, 2, 3 స్థానాలను నిలువు వరుసల్లోనూ ఇచ్చి, ఒక్కో నిలువు వరుసలో ఒక్క సమాధానమే ఉండాలన్న నియమాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది. మొదటి స్థానానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1 చొప్పున మార్కులు వేసి, ఫారమ్‌కు జోడించిన షీట్‌లో కూడితే ఫలితం వచ్చేస్తుంది.

టిక్కుల ప్రశ్నను కూడా గూగుల్ ఫారమ్‌లోనే పెట్టమనడానికి నాకు ఇంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటు వేశారో గుంపులో అందరికీ కనిపిస్తుంది. గుంపులో పెద్దాయన ఒకరు ఒక పుస్తకాన్ని సూచించి మొదటి ఓటు తానే వేశాక, మన ఇళ్లలో పెరిగినవారెవరైనా దాన్ని కాదనడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటంతో పడిన ఓటే నెల తిరిగేసరికి చదవని పుస్తకంగా తేలుతుంది. ఫారమ్‌లో ఈమెయిల్ చిరునామాల సేకరణను ఆపి, ఒకరికి ఒకే స్పందన అన్న నియమాన్ని మాత్రం ఉంచండి. జవాబిచ్చేవారు గూగుల్ ఖాతాతో లాగిన్ కావాల్సి వచ్చినా, వారెవరో నిర్వాహకులకు తెలియదు. ఫలితాల సారాంశాన్ని గడువు ముగిసేదాకా ఎవరికీ చూపించకండి.

ఓటింగ్‌కు ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలా గుంపులు దాన్నే వదిలేస్తాయి. అందరూ దిద్దగలిగే షీట్ ఒకటి తెరిచి, పుస్తకాన్ని సూచించినవారే దాని పేజీల సంఖ్య, ధర, ఏయే భాషల్లో దొరుకుతుందో, ఈబుక్, ఆడియో రూపాలు ఉన్నాయో లేదో, దగ్గరి గ్రంథాలయంలో ప్రతి ఉందో లేదో నింపాలన్న నియమం పెట్టండి. ఈ వివరాలు నింపని పుస్తకాన్ని పోల్‌లోకి రానివ్వకండి. పేజీల సంఖ్య పక్కనే దాన్ని 28తో భాగించే సూత్రాన్ని రాసిపెట్టండి. 320 పేజీల పుస్తకమైతే రోజుకు 11, 12 పేజీలు వస్తాయి. 600 పేజీలైతే రోజుకు 21 దాటుతుంది, అది ఉద్యోగస్థులకు భారమే గనుక అలాంటి పుస్తకాన్ని రెండు నెలలకు పంచుకోవడం మేలు. కిండిల్ దుకాణంలో చాలా ఈబుక్‌లకు ఉచిత నమూనా భాగం, గూగుల్ బుక్స్‌లో కొన్నిటికి ముందుగా చూడగల కొన్ని పేజీలు దొరుకుతాయి. ఓటు వేసేముందు ప్రతి పుస్తకంలో పది పేజీలైనా చదవమనండి. నాన్‌ఫిక్షన్‌లో రచయిత వాదన ఏమిటో, దానికి ఆధారాలు ఎలా చూపిస్తున్నారో తొలి పేజీల్లోనే చాలావరకు తెలిసిపోతుంది. ఒప్పుకోవడానికీ విభేదించడానికీ చోటున్న పుస్తకమే చర్చకు నిలుస్తుంది.

ప్రశ్న: పుస్తకాన్ని ఎంచుకునే పనిని ఏఐ చాట్‌బాట్‌కు అప్పగించవచ్చా?

జవాబు: జాబితా తయారీకి వాడుకోండి, నిర్ణయానికి వద్దు. లేని పుస్తకాన్ని ఉన్నట్టు, ఒకరి రచనను మరొకరి పేర చెప్పడం ఈ చాట్‌బాట్‌లలో తెలిసిన లోపమే, తెలుగు పుస్తకాల విషయంలో నేను మరింత జాగ్రత్తగా ఉంటాను. అది చెప్పిన ప్రతి పేరునూ ప్రచురణకర్త జాబితాలో గాని, వరల్డ్‌క్యాట్ వంటి గ్రంథాలయ సూచికలో గాని సరిచూశాకే షీట్‌లో చేర్చండి.

ప్రశ్న: విజయవాడలో మా చర్చాబృందంలో చూపు మందగించిన పెద్దలు ఇద్దరున్నారు. పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు దించుకుంటే ఫోన్ వాటిని చదివి వినిపించడం లేదు. వారు కూడా పాల్గొనేలా పుస్తకాన్ని ఎంచుకోవడం ఎలా?

జవాబు: ఈ ప్రశ్న ప్రతి చర్చాబృందమూ అడగాల్సింది. మీరు దించుకున్నవి బహుశా స్కాన్ చేసిన పేజీల ఫోటోలు, అలాంటివాటిలో ఫోన్ చదవగలిగిన అక్షరాలు ఉండవు. పీడీఎఫ్‌లో ఒక మాటను వేలితో నొక్కిపట్టి చూడండి. మాట ఎంపిక కాకపోతే అది ఫోటోయే. ఎంపికై, కాపీ చేసి మరోచోట అతికించినప్పుడు అర్థంలేని గుర్తులు వస్తే, ఆ పుస్తకం చాలావరకు యూనికోడ్ (అన్ని ఫోన్లూ గుర్తించే అక్షరాల ప్రమాణం) కాని పాత డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పద్ధతి) ఫాంట్లలో కూర్చినదై ఉంటుంది. దాన్నీ ఫోన్ సరిగా చదవలేదు.

ఫోటో పేజీలను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను గుర్తించి పాఠంగా మారుస్తుంది. పుస్తకం మొత్తాన్ని ఒకేసారి ఇవ్వకుండా కొద్ది పేజీల చొప్పున ముక్కలు చేసి ఇవ్వండి. ఒత్తుల దగ్గర, మసకబారిన అచ్చు దగ్గర తప్పులు వస్తాయి కాబట్టి సభ్యులు తలా ఒక అధ్యాయం పంచుకుని దిద్దండి.

అంతకంటే సులువైన దారి, ముందే టైపు చేసి దిద్దిన పుస్తకాన్ని ఎంచుకోవడం. ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌లో ఉన్న ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్రను మీ జాబితాలో తప్పక చేర్చమంటాను. 1830లో మద్రాసు నుంచి బయలుదేరి హైదరాబాద్, నాగపూర్‌ల మీదుగా కాశీకి వెళ్లి 1831లో తిరిగొచ్చిన ఆయన దారిలో చూసిన ఊళ్లను, మనుషులను, ఆచారాలను రాసిపెట్టిన గ్రంథం అది, 1838లో అచ్చయింది. మన దేశంలో కాపీహక్కు రచయిత మరణించాక 60 ఏళ్లదాకా ఉంటుంది కాబట్టి దీనికి ఆ ఇబ్బంది లేదు. ఈపబ్ అనే ఈబుక్ రూపంలో దించుకుని ఫోన్‌లో తెలుగు గొంతును ఎంచుకుంటే ఆ ఇద్దరూ అక్షరాల పరిమాణం పెంచుకుని చదవవచ్చు, చదివించుకుని వినవచ్చు. పాత వర్ణక్రమం వల్ల కొన్ని మాటల ఉచ్చారణ తడబడుతుంది గనుక, మొదటి రెండు అధ్యాయాలను బృందంలో ఎవరైనా స్వయంగా చదివి రికార్డు చేసి వారికి పంపండి.