కటికి జలపాతం వ్యాసంలో నీళ్ల చప్పుళ్లకి ఇంగ్లీష్ మాటలు

మేడమ్ గారూ, మీ పాప కటికి జలపాతం గురించి ఇంగ్లీష్‌లో రాస్తూ ప్రతిచోటా 'సౌండ్' అనే వాడిందన్నారు కదా. నీళ్లు దూకేచోట 'రోర్' సరిపోతుంది. కింద రాళ్ల మధ్య గలగలా పారేదానికి 'బ్యాబుల్' వాడమనండి. 'గర్గుల్' కూడా అక్కడ వాడొచ్చు. సీసా మూతిలోంచో, సింకు తూములోంచో గుడగుడమని పోయే నీటి చప్పుడుకీ అదే మాట. బొర్రా గుహల్లో పైనుంచి పడే చుక్క 'డ్రిప్'. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవను మెల్లగా తట్టే నీరు 'ల్యాప్' చేస్తుంది, ఆర్కే బీచ్ కెరటమైతే 'క్రాష్' అవుతుంది. ఎండుటాకుల చప్పుడుకి 'రసుల్' (rustle), స్పెల్లింగులో టీ ఉన్నా పలకరు. మెల్లగా పారే నీటికి 'మర్మర్' కూడా మంచిదే, కానీ మనుషుల గొణుగుడికీ అదే మాట. రెండు మూడు వాడితే చాలు, అన్నీ కుక్కితే టీచర్‌కి డిక్షనరీ వాసన కొడుతుంది!