బాస్కెట్‌బాల్, మందులు, నీ మొదటి వాక్యం

బాబూ,

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివేను, పొద్దున్న టీ తాగుతూ మళ్ళీ చదివేను. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను గానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేను. "ఎన్‌బీఏలో సగం మంది మందు మీదే ఆడతారు" అని మొదలెట్టేవు. ఆ సగం ఎక్కడ లెక్కపెట్టేవు నాన్నా? ఎన్‌బీఏ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, 30 టీములు, టీముకి 15 మంది చొప్పున వేసుకున్నా 450 మంది, అందులో సగమంటే రెండొందల పైచిలుకు మనుషులు, ఒక్క ముక్కలో అందర్నీ దొంగల్ని చేసేసేవు. ఆ వాక్యం చదివేవాడి గుండెకి తగులుతుంది, నిజమే, అందుకే దాన్ని ముందు పెట్టేవని నాకు తెలుసు. నేనూ నీ వయసులో అలాగే పెట్టేవాణ్ణి, దాని సంగతి కింద చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఆ మందు అనే మాట చూద్దాం. మన విజీనారంలో మందు అంటే బ్రాందీ షాపులో దొరికేదీ మందే, మెడికల్ షాపులో దొరికేదీ మందే, వరి చేనుకి పురుగు పడితే కొట్టేదీ మందే. నువ్వు ఏ మందు గురించి రాస్తున్నావో నీకు తెలుసు, చదివేవాడికి తెలీదు. పోనీ డ్రగ్స్ అని రాద్దామంటే గంజాయి కేసు అనుకుంటారు, ఉత్ప్రేరకాలు అని పేపర్ల వాళ్ళు రాస్తారు గానీ అది నోరు తిరిగే మాట కాదు. ఆటలో పైచేయి కోసం నిషేధించిన పదార్థాలు ఒంట్లోకి ఎక్కించుకోవడం అని ఒకసారి వివరంగా చెప్పి, ఆ తర్వాత డోపింగ్ అనెయ్యి చాలు, ఇప్పుడు ఎనిమిదో క్లాసు పిల్లాడికి కూడా అర్థమవుద్ది. ఈ మాట దగ్గర అజాగ్రత్తగా ఉన్నావు కాబట్టే లోపల కూడా తప్పు జరిగింది. ఓ.జే. మేయోని నువ్వు స్టెరాయిడ్ల లిస్టులో పెట్టేవు. 2016లో అతన్ని లీగ్ నుంచి పంపించేసింది నిజమే గానీ అది వ్యసనపు డ్రగ్స్ కింద, కండ పెంచే వాటి కింద కాదు. ఆ రెండూ లీగ్ రూల్సులోనే వేరు వేరు ఖాతాలు, శిక్షలూ వేరు. అసలు ఎన్‌బీఏలో 1983లో పెట్టిన యాంటీ డ్రగ్ ఒప్పందం కొకైన్ గురించే పుట్టింది, 1986లో లెన్ బయస్ అనే కుర్రాడు బోస్టన్ టీము తీసుకున్న రెండు రోజులకే కొకైన్ వల్ల చచ్చిపోయేడు, ఆ రోజుల్లో వాళ్ళ భయమంతా అదే. స్టెరాయిడ్ల కోసం వెతకడం చాలా తర్వాత మొదలైంది, 2000లో డాన్ మెక్లీన్ దొరికేడు, శిక్ష 5 మ్యాచులు ఆడకపోవడం. అవును, అయిదే. ఇది నీ వ్యాసంలో లేదు, ఉండాలి, ఎందుకంటే ఆ లీగ్ ఈ సమస్యని ఎంత తేలిగ్గా తీసుకుందో చెప్పడానికి నువ్వు విశేషణాలు వెతుక్కోనక్కర్లేదు, ఆ 5 అనే అంకె చాలు.

తర్వాత శిక్షలు పెరుగుతూ వచ్చేయి. 2009లో రషార్డ్ లూయిస్‌కి 10 మ్యాచులు, 2013లో హెడో తుర్కోగ్లూకి 20, 2017లో జోకిమ్ నోవాకి 20, ఇప్పుడు మొదటిసారి దొరికితే 25, రెండోసారి 55, మూడోసారి ఇంటికే. 2019లో అయితే నాలుగు నెలల్లో ముగ్గురు, ఆగస్టులో విల్సన్ చాండ్లర్, అక్టోబర్లో డియాండ్రే ఏటన్, నవంబర్లో జాన్ కాలిన్స్. ఏటన్ ముందటేడు డ్రాఫ్ట్‌లో, అంటే టీములు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, నంబర్ వన్, 21 ఏళ్ళు. 2024 జనవరిలో దొరికిన ట్రిస్టన్ థాంప్సన్‌కి 32. ముసలోళ్ళు మాత్రమే కక్కుర్తి పడతారు అని నువ్వు రాసిన లైను వీళ్ళ వయసుల ముందు నిలబడదు, కొట్టెయ్యి.

ఇప్పుడు నీ మూడో పేరా. "బాస్కెట్‌బాల్ నైపుణ్యం ఆట, బాలు బుట్టలో వెయ్యడానికి స్టెరాయిడ్ దేనికి" అని ఎవరో అన్న మాట ఎత్తి, దానికి నువ్వు సరైన జవాబు చెప్పలేకపోయేవు. జవాబు నీ దగ్గరే ఉంది, నాలుగో పేరాలో, నీకే తెలీకుండా రాసేసేవు. మ్యాచ్ అయిపోయేక రెండు మోకాళ్ళకీ ఐసు సంచులు కట్టుకుని, కాళ్ళు బకెట్లో పెట్టుకుని కూర్చున్న ఆటగాణ్ణి చూపించేవు చూడు, వ్యాసం మొత్తం మీద నాకు నచ్చిన చోటు అదే, అక్కడ నువ్వు అరవలేదు, చూసేవు అంతే. ఆ మోకాళ్ళే జవాబు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా 82 మ్యాచులు, కొన్నిసార్లు ఇవాళ రాత్రి ఒక ఊళ్ళో ఆడి రేపు రాత్రి ఇంకో ఊళ్ళో ఆడాలి, మధ్యలో విమానం, నిద్ర సరిగ్గా ఉండదు, ఏడడుగుల మనిషి వందల సార్లు ఎగిరి దిగాలి. స్టెరాయిడ్ వేసుకుంటే బాలు సూటిగా వెళ్ళదు, నిజమే. కానీ అరిగిపోయిన కండ తొందరగా కోలుకుంటుంది, మర్నాడు అందరికన్నా ముందు ప్రాక్టీసుకి రాగలడు. చాండ్లర్, కాలిన్స్ దగ్గర దొరికినవి ఏంటో చూడు, శరీరం చేత గ్రోత్ హార్మోన్ ఎక్కువ వదిలించే రకాలు. నోవా, థాంప్సన్ దగ్గర దొరికిన ఎల్‌జీడీ-4033 అనేది స్టెరాయిడ్ కాదు గానీ కండ మీద అలాంటి పనే చేస్తుంది. వీటిలో ఏదీ షాట్ కొట్టడానికి పనికొచ్చేది కాదు, అన్నీ ఒంటిని నిలబెట్టుకోడానికే. 2025లో బాబీ పోర్టిస్‌ది ఇంకో కథ, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, టోరడాల్ అనే వేరే మాత్ర అనుకుని పొరపాటున వేసుకున్నాడని అతని ఏజెంట్ చెప్పేడు, అయినా 25 మ్యాచులు పడ్డాయి. నిజంగా పొరపాటా కాదా అన్నది నువ్వూ నేనూ తేల్చలేం, తేల్చొద్దు కూడా. నొప్పి మాత్ర లేకుండా ఆడలేని స్థితి ఒకటుంది, అది రాయి.

"అయితే సమస్య ఉన్నట్టా లేనట్టా బాబాయ్" అని ఫోన్లో అడిగేవు. ఉంది. కానీ నీ మొదటి వాక్యంలో ఉన్న సమస్య కాదు. ఎవరెవరు వేసుకుంటున్నారో మనకి తెలీదు, తెలుసుకునే దారి సన్నగా ఉంది, నా లెక్కలో సమస్య అదే. ఈ టెస్టుల రూల్సు లీగూ ఆటగాళ్ళ యూనియనూ కూర్చుని ఒప్పందం చేసుకుని రాసుకున్నవి, ప్రపంచమంతటికీ డోపింగ్ రూల్సు రాసే సంస్థ వాడా, దాని కోడ్ మీద ఎన్‌బీఏ సంతకం పెట్టలేదు. సీజన్లో ఒక మనిషికి నాలుగు మూత్ర పరీక్షలు, సీజన్ లేనప్పుడు రెండు, గ్రోత్ హార్మోన్ కోసం రక్తం తియ్యడం 2015-16 సీజన్ నుంచి మాత్రమే మొదలైంది. కొద్ది మోతాదుల్లో వేసుకునే టెస్టోస్టెరాన్ లాంటివి తొందరగా ఒంట్లోంచి పోతాయి, ఏడాదికి ఇన్నిసార్లే అని ముందే తెలిసిన పరీక్షని దాటడం కష్టం గానీ అసాధ్యం కాదు. అందుకని పట్టుబడ్డవాళ్ళు తక్కువ కాబట్టి లీగ్ శుభ్రం అని రాసేవాడూ, తక్కువ పట్టుబడ్డారు కాబట్టి అందరూ దాస్తున్నారు అని రాసేవాడూ ఇద్దరూ తెలియని దాన్ని తెలిసినట్టు రాస్తున్నారు. నువ్వు మూడోవాడిలా రాయి. పరీక్షకి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో, అది రాయి.

దీన్ని మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే సత్నామ్ సింగ్ భమరాని తీసుకో, నీ వ్యాసంలో అతను లేకపోవడం చూసి ఆశ్చర్యపోయేను. పంజాబ్ పల్లెటూరి కుర్రాడు, 2015లో డల్లాస్ టీము 52వ వాడిగా తీసుకుంది, మన దేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పేరు పిలిపించుకున్న మొదటివాడు. 2019 నవంబర్లో, సౌత్ ఏషియన్ గేమ్స్ క్యాంపులో ఉన్నప్పుడు మన దేశంలో డోపింగ్ పరీక్షలు చేసే నాడా వాళ్ళు శాంపిల్ తీస్తే హైజినమిన్ దొరికింది, కొన్ని మొక్కల్లోనూ కొన్ని సప్లిమెంట్లలోనూ ఉండే పదార్థం. అతనికి పడింది 2 ఏళ్ళు. సరిగ్గా అదే నెలలో అమెరికాలో కాలిన్స్‌కి పడింది 25 మ్యాచులు, క్రిస్మస్ నాటికి మళ్ళీ ఆటలోకి వచ్చేసేడు. ఆట ఒకటే, బుట్ట ఎత్తు ఒకటే పది అడుగులు, చట్టాలు మాత్రం రెండు. ఎవరిది న్యాయమో నేను చెప్పను గానీ రెండేళ్ళు మరీ ఎక్కువనీ, పాతిక మ్యాచులు మరీ తక్కువనీ నా మనసుకి అనిపిస్తుంది. ఈ రెండిటినీ పక్క పక్కన పెట్టి ఒక పేజీ రాయి, నీ వ్యాసానికి వెన్నెముక అక్కడ దొరుకుద్ది.

సగం మంది అన్న మాట మీద ఇంత పట్టు ఎందుకు పడుతున్నానో ఇప్పుడు చెప్తాను. చాలా ఏళ్ళ కిందట నేను ఒక పత్రికకి జిల్లా స్పోర్ట్స్ రాసేవాణ్ణి. ఒక పల్లె కుర్రాడు ఏడాది తిరిగేసరికి బరువులెత్తడంలో అందర్నీ దాటేసేడు. టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు అంటే విని "అనుమానాలు వ్యక్తమవుతున్నాయి" అని ఒక్క వాక్యం రాసేను. పేరు రాయలేదు, ఊరు రాసేను, ఊరు రాస్తే పేరు రాసినట్టే కదేటి. మూడో రోజు ఆ అబ్బాయి నాన్న సైకిలేసుకుని మా ఇంటికొచ్చేడు. అరవలేదు, తిట్టలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. లుంగీ మడతలోంచి కిరాణా కొట్టు పద్దు పుస్తకం తీసి అరుగు మీద పెట్టేడు. నూనె మరకలు, మూలలు నలిగిపోయి ఉన్నాయి. ప్రతి తారీఖుకీ ఎదురుగా గుడ్లు 4, గుడ్లు 4, పెసలు కేజీ, గుడ్లు 4, కింద బాకీ. "మావోడు తిన్న మందు ఇదే బాబూ, ఇంకా తీర్చలేదు" అన్నాడు. పత్రికలో సవరణ వెయ్యమని అడిగేను, వెయ్యలేదు. ఆ కుర్రాడు ఆ ఏడాది పోటీలకి వెళ్ళలేదు, తర్వాత ఏ పనిలో కుదిరేడో కూడా నాకు తెలీదు. అతనికి టెస్టు అంటూ ఎవరూ చెయ్యలేదు, చేసి ఉంటే శుభ్రంగా తేలేవాడు అని నా నమ్మకం, కానీ దాన్ని కూడా నేను నిజమని రాయలేను, చూసేవా, ఒక్క వాక్యం ఎన్ని దారులు మూసేస్తుందో.

అలాగని నోరు మూసుకు కూర్చోమని కాదు. మన వైపే చూడు, ఆర్మీ ర్యాలీ వస్తుందంటే పొద్దున్న నాలుగున్నరకే రోడ్ల మీద పరిగెత్తే పిల్లలు, సాయంత్రం జిమ్ముల్లో లేబుల్ సగం ఊడిపోయిన డబ్బాల్లోంచి పొడి కలుపుకుని తాగుతున్నారు. మా అక్క కొడుకు ఒక డబ్బా ఇంటికి తెస్తే తిప్పి చూసేను, వెనక ఏం కలిపేరో రాసిన చోట ఇంకో స్టిక్కర్ అతికించి ఉంది, గోరుతో గీకితే కింద అక్షరాలు కూడా వచ్చేసేయి. ఎవడమ్మేడ్రా అంటే ట్రైనర్ అన్నయ్య ఇచ్చేడు అన్నాడు. 2023లో మన దేశంలో తీసిన 5,606 శాంపిళ్ళలో 213 పాజిటివ్ అని వాడా లెక్క, అందులో తెలిసి తిన్నవాళ్ళెందరో, ఇలాంటి డబ్బా నమ్మి తిన్నవాళ్ళెందరో ఆ అంకె చెప్పదు. దీని గురించి గట్టిగా రాయాలి. కోపంగానే రాయి. కానీ డబ్బా చూపించి రాయి.

ఇంకొకటుంది, అసలు నష్టపోయేదెవరో నీ వ్యాసంలో ఒక్క లైను కూడా లేదు. అది వెతకడానికి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు, మన నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ చాలు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో బరువులెత్తడంలో, 53 కేజీల్లో మూడో స్థానంలో నిలబడి కంచు పతకం మెళ్ళో వేయించుకుంది. పోటీ అయ్యేక, మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి శాంపిల్ పాజిటివ్ వచ్చింది, దొరికినవి మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు, ఏటన్ దగ్గర దొరికింది కూడా ఆ జాతిదే. అందులో ఒకటి హైడ్రోక్లోరోథయజైడ్, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు బీపీకి వేసుకుంటారు, ఆటల్లో దాన్ని వాడేది బరువు దించుకోడానికీ, మిగతావి మూత్రంలో పలచబడి కనిపించకుండా పోడానికీ. ఆ నైజీరియా అమ్మాయికి అప్పటికి 16 ఏళ్ళు, ఆ మాత్రలు ఆమె చేతిలో పెట్టిందెవరా అని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. సంతోషి కంచు వెండి అయింది. నాలుగో స్థానంలో ఉన్న మన స్వాతి సింగ్‌కి కంచు వచ్చింది, కానీ ఆ సాయంత్రం అందరూ చప్పట్లు కొడుతున్నప్పుడు ఆ అమ్మాయి మెట్టు ఎక్కలేదు, ఎవరూ ఎక్కమనలేదు. ఎన్‌బీఏలో కూడా ఇలాంటి నాలుగోవాడు ఉంటాడు, టీములో 15 మంది తర్వాత పదహారోవాడు, చోటు దొరక్క ఇంకో దేశం వెళ్ళి ఆడుకుంటున్నవాడు. అతని పేరు ఏ ప్రకటనలోనూ రాదు. నువ్వు అతని గురించి ఆలోచించి రాస్తే వ్యాసం వేరేగా ఉంటుంది.

వచ్చే ఆదివారం ఖాళీ చేసుకుని రా. శ్రీకాకుళంలో రాత్రి బస్సెక్కి మా ఇంట్లో పడుక్కో, తెల్లారగట్ల నెల్లిమర్ల వైపు వెళ్దాం, కొండవెలగాడలో పిల్లలు బరువులెత్తే వేళకి అక్కడుండాలి. వాళ్ళని ప్రశ్నలేవీ అడక్కు, మొదటి గంట చేతులు చూడు, అరచేతి కాయలు, చాక్ పౌడరు రాసుకునే తీరు. వచ్చేటప్పుడు వ్యాసం ప్రింటు తీసి తే, మొదటి వాక్యం కొట్టేసి, ఐసు సంచుల పేరాని పైకి జరిపి తే. మిగతాది బస్సులో కూర్చుని చూద్దాం. అమ్మకి నా నమస్కారాలు చెప్పు, మీ పిన్ని నీకోసం ఆవకాయ తీసి పెట్టింది.

బాబాయి
విజీనారం