కార్జం చెడిన గొర్రెలకు సెలీనియం సూది వేయించాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా సంగం మండలం. 60 జోడిపి రకం గొర్రెలున్నాయి. వరి కోసిన మళ్ళలో, కాలవ గట్ల మీద మేపుతాను. రెండు నెలల్లో నాలుగు జీవాలు చిక్కిపోయి, దవడ కింద నీరు దిగి చనిపోయాయి. ఒకదాన్ని కోసి చూస్తే కార్జం గట్టిపడి ఉంది. సెలీనియం అనే ఖనిజం తక్కువై లివర్ పాడైందని, మందంతటికీ సెలీనియం–విటమిన్ ఇ ఇంజెక్షన్ వేయించమని మందుల షాపులో చెప్పారు. వేయించమంటారా? గేదెల మినరల్ మిక్స్చర్ కూడా రోజూ తవుడులో కలిపి పెడుతున్నాను.

జవాబు: ఇప్పుడే వేయించకండి. గేదెల మిక్స్చర్ మాత్రం ఈ రోజే ఆపేయండి. దాని సంగతి కింద చెబుతాను.

షాపు వాళ్ళ మాటలో కొంత నిజముంది. కార్జం పని చేస్తున్నప్పుడు కణాలను కాల్చే పెరాక్సైడ్లు పుడతాయి. వాటిని విరిచేసే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లో సెలీనియం ఒక భాగం. విటమిన్ ఇ కణం పొరను కాపాడుతుంది. ఈ రెండూ లేని మేత తిన్న ఎలుకల్లో కార్జం కుళ్ళిపోతుందనీ, చిటికెడు కన్నా చాలా తక్కువ సెలీనియంతో అది ఆగుతుందనీ 1957లోనే తేలింది. పందుల్లోనూ ఇలా జరుగుతుంది. కానీ గొర్రెల్లో సెలీనియం లోపం ఎక్కువగా కనిపించేది కండరాల్లో. గొర్రెపిల్లలు బిగుసుకుపోయి నడుస్తాయి, లేవలేవు, గుండె దెబ్బతిని హఠాత్తుగా చనిపోతాయి. మీరు రాసిన లక్షణాలు అవి కావు.

పెద్ద గొర్రెలు చిక్కిపోవడం, దవడ కింద నీరు, గట్టి కార్జం, పైగా కాలవ గట్ల మేత. ఇవన్నీ కలిస్తే నా అనుమానం ముందుగా కార్జపు జలగల మీదికే పోతుంది. తడి నేలల్లోని నత్తల్లో పెరిగిన జలగ పిల్లలు గడ్డికి అంటుకుని ఉంటాయి. ఆ గడ్డి తిన్న జీవం కార్జంలోకి చేరి, పైత్య నాళాల్లో కాపురం పెడతాయి. ఈసారి చనిపోతే కార్జాన్ని డాక్టరు ముందు కోయించండి. నాళాల్లో ఆకులా బల్లపరుపుగా ఉన్న పురుగులు కంటికే కనిపిస్తాయి. పేడ పరీక్ష కూడా చేయించండి. అయితే జలగలు పెద్దవై గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలదాకా పడుతుంది కాబట్టి, పేడలో గుడ్లు లేవన్నంత మాత్రాన జలగలు లేవని కాదు. కంటి రెప్ప లోపల పాలిపోయిందేమో కూడా చూడండి. కడుపులో రక్తం తాగే పురుగులున్నా దవడ కింద నీరు దిగుతుంది. కోసినప్పుడు కార్జంలో నీటి బుడగలు కనిపిస్తే అది వేరే జబ్బు (హైడాటిడ్). ఆ కార్జాన్ని కుక్కలకు వేయకండి, కుక్కల ద్వారా ఆ జబ్బు మనుషులకూ వస్తుంది.

జలగలే అయితే ట్రైక్లాబెండజోల్ అనే మందు పిల్ల జలగల్నీ చంపుతుంది. ఆక్సీక్లోజనైడ్ పెద్దవాటి మీదే బాగా పనిచేస్తుంది. ఏది, ఎంత అన్నది జీవం బరువును బట్టి డాక్టరు చెప్పాలి. కంటి అంచనాతో పట్టించవద్దు.

ఇక మిక్స్చర్. గేదెలకు సరిపోయే రాగి గొర్రెలకు విషం. గొర్రె కార్జం రాగిని నెలల తరబడి దాచుకుంటుంది, పైకి ఏమీ తెలియదు. ఒకరోజు దూరం నడిపించినా, మేత తగ్గినా అది ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. కళ్ళు పచ్చబడి, మూత్రం ఎర్రగా నల్లగా పోసి, రెండు మూడు రోజుల్లో జీవం పోతుంది. జలగలతో దెబ్బతిన్న కార్జం దీన్ని అసలు తట్టుకోలేదు. అందుకే అంత గట్టిగా ఆపమన్నాను. గొర్రెల కోసమే తయారుచేసిన మిక్స్చర్ అడిగి కొనండి.

సెలీనియంలో అవసరానికీ విషానికీ మధ్య దూరం తక్కువ. తేమ తీసేసిన ఎండు బరువు లెక్కన కిలో మేతలో 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాములు చాలు. సూది మందు మోతాదుకు పది రెట్లు పడితే ఊపిరాడక చనిపోవచ్చు. సెలీనియం లోపం ఉందో లేదో రక్తం లేదా కార్జం ముక్క పరీక్షలో తెలుస్తుంది. అలా తేలితేనే వేయించండి.

మందు పట్టించాక మంద మళ్ళీ అదే గట్టుకు పోతే జలగలు మళ్ళీ వస్తాయి. కొన్నాళ్ళు మెట్ట మీద మేపండి. తడి మడి గడ్డి కోసి పెట్టాల్సి వస్తే, ముందు బాగా ఎండబెట్టండి.