వసకొమ్ము రాస్తే నత్తి పోతుందా?

నాలుగేళ్ళ బాబు రెండు నెలలుగా నత్తిగా మాట్లాడుతున్నాడు, వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే పోతుందా అని అడిగారు. పోదు. చిన్నప్పుడు నా నాలుకకు రాసిన వసతో ఊరంతటినీ వాగుడుకాయలను చేయవచ్చు. నా నత్తి మాత్రం అలాగే ఉంది.

నాకు 'ప'తో తంటా. ఏడో తరగతి సెలవుల్లో మొదటిసారి ఒక్కడినే కాకినాడలో బస్సెక్కాను. అమ్మమ్మ వాళ్ళది పెద్దాపురం. కండక్టరు రెండు వరసల అవతల ఉండగానే ఊరి పేరు లోలోపల వల్లించడం మొదలుపెట్టాను. ఆయన వచ్చి చెయ్యి చాపేసరికి పెదవులు అతుక్కుపోయాయి, కళ్ళు మూసుకుపోయాయి. పక్కాయన "పిఠాపురమా బాబూ?" అని సాయం చేయబోయాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "సామర్లకోట" అనేశాను, తడబడకుండా. అక్కడ దిగి మిట్టమధ్యాహ్నం పెద్దాపురం దాకా నడిచాను. మిగిలిన చిల్లరతో జీళ్ళు కొనుక్కున్నాననుకోండి, అది వేరే సంగతి.

బడిలో ఇంకో గోల. శతక పద్యం రాగం తీసి చదివితే ఒక్క అక్షరం తొణికేది కాదు. "పద్యానికి రాని నత్తి ప్రశ్నకెందుకొస్తుందిరా?" అని మాస్టారు బెంచీ ఎక్కించారు. పాడేటప్పుడు, నలుగురితో గొంతు కలిపేటప్పుడు నత్తి రాకపోవడం దాని సహజ లక్షణమని ఆయనకెవరు చెబుతారు? లోపం నాలుకలో లేదు. మాటను సమయానికి అందించే పని మెదడుది, చిక్కంతా అక్కడే. వంశంలోనూ నడుస్తుంది, మా మేనమామకూ ఉంది. మన సినిమాలకు మాత్రం నత్తి అంటే నవ్వులాట. అవి చూసిన మర్నాడు బడికి వెళ్ళడం ఎంత నరకమో రాసేవాళ్ళకేం తెలుసు!

ఇక మీ బాబు సంగతి. రెండు నుంచి అయిదేళ్ళ మధ్య మొదలైన నత్తి చాలామంది పిల్లల్లో తగ్గిపోతుంది. అలాగని చూస్తూ కూర్చోకండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా, ఆరు నెలలు దాటినా, మాటకోసం మొహం బిగిస్తున్నా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు మొదలైతే వెంటనే తీసుకెళ్ళాం. థెరపిస్టుగారు పని పాపకు కాదు, మాకు పెట్టారు. 'నెమ్మదిగా చెప్పు, ఊపిరి పీల్చుకో' అనకూడదట, మేమే నెమ్మదిగా మాట్లాడాలట. పాప మాటను మేము పూర్తి చేయకూడదు. రోజూ పావుగంట ఫోను పక్కన పడేసి, తను చెప్పేది వినాలి. నత్తితో పెరిగిన నాకే రెండో రోజు ఓపిక నశించింది.

ఏడాదికి తగ్గింది. మా అత్తగారు మాత్రం అదంతా తాను చాటుగా నాకించిన వస మహిమేనంటారు.