లెటరుతో వచ్చే సీటా, లాటరీలో వచ్చే సీటా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం స్కూలు సీట్ల గురించే. మన తిరుపతి వాళ్లకి ఏ పని పడినా ముందు ‘సిఫారసు లెటర్ ఎవరిస్తారబ్బా’ అనే ఆలోచన వస్తుంది. దర్శనానికి అదే, ఆస్పత్రిలో బెడ్డుకి అదే, ఇప్పుడు ఒకటో తరగతికీ అదే. అసలు సీటు ఏ వరసలో ఎవరికి ఇస్తారో తెలిస్తే ఆ తిరుగుడు సగం తగ్గుతుందని నా నమ్మకం. అందుకని మొదటి మూడు ప్రశ్నలకి కాస్త సాగదీసే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

*మేము కొర్లగుంటలో ఉంటాం, బీసీలం. మా ఆయన ఆటో తోలతాడు. పాపకి ప్రైవేటు స్కూల్లో ఉచిత సీటు కోసం ఆన్‌లైన్‌లో పెట్టిన మొదటి రోజే అప్లై చేశాం. వెనక వీధి వాళ్లు ఆఖరి రోజు అప్లై చేస్తే వాళ్ల బాబుకి అదే స్కూల్లో వచ్చింది, మాకు రాలేదు. ఇది సిఫారసు కాకపోతే ఇంకేంటి మేడమ్? — ఒక తల్లి, తిరుపతి*

అమ్మా, మీ బాధ అర్థమైంది కానీ మొదటి రోజు అప్లై చేసినందుకు ఎక్స్‌ట్రా ఏమీ రాదు. సుప్రభాత సేవకి టీటీడీ వాళ్లు తీసే ఎలక్ట్రానిక్ డిప్ లాంటి లాటరీయే ఇది కూడా, గడువు లోపల ఎప్పుడు పేరిచ్చినా అందరూ ఒకే లెక్కలోకి వస్తారు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, బలహీనవర్గాల పిల్లలకి ఇవ్వాలి. మన రాష్ట్రంలో ఇది కాగితం మీద నుంచి కదిలింది మాత్రం 2022-23లోనే అనుకోండి. పావు వంతు సీట్లంటే చాలా ఉన్నట్టు అనిపిస్తుంది కదా, లెక్క వేసి చూడండి. ఒకటో తరగతిలో 40 సీట్లుంటే ఉచితం కింద 10. ఆ పదిని మళ్లీ ముక్కలు చేస్తారు: అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకి కలిపి 5 శాతం అంటే 2 సీట్లు, ఎస్సీలకి 10 శాతం అంటే 4, ఎస్టీలకి 4 శాతం అంటే ఒకటో రెండో. ఇక మిగిలిన 6 శాతంలోనే బీసీలు, మైనారిటీలు, ఓసీల్లో పేదవాళ్లు అందరూ సర్దుకోవాలి. అంటే మీరు పోటీ పడింది పది సీట్లకి కాదమ్మా, రెండు మూడు సీట్లకి. కొర్లగుంటలాంటి కిక్కిరిసిన పేటలో ఆ రెండు మూడింటికి ఎన్ని ఇళ్ల నుంచి పేర్లు పడి ఉంటాయో మీరే ఊహించుకోండి.

వెనక వీధి వాళ్లది వేరే కేటగిరీ అయి ఉండొచ్చు, అదే కేటగిరీ అయినా లాటరీలో పేరు తగిలి ఉండొచ్చు. ఏ కేటగిరీలో పెట్టారని వాళ్లని నిలదీయకండి మాత్రం. ఆ మొదటి 5 శాతంలో, బయటికి చెప్పుకోలేని కారణాలున్న ఇళ్లు కూడా ఉంటాయి.

ఇంకోటి, దూరం. ముందు స్కూలుకి కిలోమీటరు లోపల ఉన్న పిల్లల్ని చూస్తారు, సీట్లు మిగిలితేనే 3 కిలోమీటర్ల దాకా వెళ్తారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆధార్‌లో అత్తగారి ఊరు, రేషన్ కార్డులో అమ్మగారి ఊరు, కాపురం మాత్రం కొర్లగుంటలో! అద్దె ఇల్లయితే రెంటల్ అగ్రిమెంట్ గానీ కరెంటు బిల్లు గానీ చెల్లుతుంది, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు కూడా. అప్లై చేసేటప్పుడు ఇప్పుడు ఉంటున్న అడ్రస్సే పెట్టారా లేదా అని మీ వార్డు సచివాలయంలో అడిగి ఒకసారి చూపించుకోండి. ఆదాయం పట్టణాల్లో ఏడాదికి లక్షా 44 వేలు, పల్లెల్లో లక్షా 20 వేలు దాటకూడదు. మొదటి జాబితా అయ్యాక ఖాళీలు మిగిలితే రెండోది వస్తుంది. సీటు వచ్చినవాళ్లు చెప్పిన తేదీలోపు స్కూలుకి వెళ్లి ఖరారు చేసుకోకపోతే అది పోతుంది, కాబట్టి ఫోన్‌కి వచ్చే మెసేజీలు చూసుకుంటూ ఉండండి, ఆటో తోలే ఆయన నంబరు కాకుండా ఇంట్లో ఉండే మీ నంబరు ఇస్తే ఇంకా మంచిది.

సీటు వచ్చాక కూడా కొన్ని స్కూళ్లు ‘రేపు రండి, ఎల్లుండి రండి’ అని నసుగుతాయి. స్కూలు వసూలు చేసే ఫీజంతా ప్రభుత్వం కట్టదు. 2023లో మన రాష్ట్రం పట్టణ స్కూళ్లకి ఖరారు చేసింది పిల్లకి ఏడాదికి 8,000 రూపాయలు, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100. నలభై వేలు తీసుకునే స్కూలు దీనికి ఎగిరి గంతేస్తుందా? అలాగని సీటు ఎగ్గొట్టే హక్కు వాళ్లకి లేదు. తిప్పుతుంటే మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో కాగితం మీద రాసిచ్చి, రసీదు తీసుకోండి. మైనారిటీ యాజమాన్యం స్కూళ్లకి మాత్రం ఈ 25 శాతం వర్తించదు, 2014లో సుప్రీంకోర్టు చెప్పేసింది, వాటి చుట్టూ తిరిగి కాళ్లరగదీసుకోవద్దు.

*నేను ఆర్టీసీ కండక్టర్ని. బాబుని కేంద్రీయ విద్యాలయ (కేవీ)లో వేయాలని ఉంది. తెలిసిన ఒకాయన ఎంపీ లెటర్ ఇప్పిస్తానంటున్నాడు, ‘ఖర్చులు’ ఉంటాయట. నమ్మొచ్చా? — తిరుపతి*

ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దన్నా. ఎంపీ కోటా ఒకప్పుడు నిజంగానే ఉండేది, ఒక్కో ఎంపీకి ఏడాదికి 10 సీట్లు. 2022లో ఎత్తేశారు. ఆ లెటర్ ఇప్పుడు ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు, ఆ ‘తెలిసిన ఒకాయన’కి ఈ సంగతి మీకంటే ముందే తెలిసి ఉంటుంది.

కేవీలో వరస ఇలా ఉంటుంది. ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు విద్యాహక్కు చట్టం కింద లాటరీలో పోతాయి. మిగతావాటికి తల్లిదండ్రుల ఉద్యోగం చూస్తారు. ముందు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, మన దగ్గరైతే రైల్వే వాళ్లు, పోస్టల్ వాళ్లు అలాంటివాళ్లు. తర్వాత ఐఐటీ, ఐసర్‌లాంటి కేంద్ర సంస్థల వాళ్లు. మూడోది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, నాలుగోది రాష్ట్ర కార్పొరేషన్లు, ఆఖర్న మిగతా జనం. ఇక్కడే మీకు ఒక లాభం ఉంది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు కదా, అంతకుముందు కార్పొరేషన్ ఉద్యోగిగా నాలుగో వరసలో ఉండాల్సినవాళ్లు ఇప్పుడు మూడో వరసలో ఉంటారు. కాబట్టి సర్వీస్ సర్టిఫికెట్ మీద ప్రజా రవాణా శాఖ ఉద్యోగి అని స్పష్టంగా రాయించుకోండి. ట్రాన్స్‌ఫర్లు జరిగి ఉంటే అవీ లెక్కలోకి వస్తాయి, ఆర్డర్ కాపీలు వెతికి పెట్టుకోండి.

ఎస్సీలకి 15, ఎస్టీలకి 7.5, ఓబీసీలకి 27 శాతం రిజర్వేషన్ కూడా ఉంటుంది. మీరు బీసీ అయ్యి క్రీమీలేయర్ (బీసీల్లో బాగా ఉన్నవాళ్లు) కాకపోతే పైన చెప్పిన 25 శాతం లాటరీలో కూడా బాబు పేరు ఉంటుంది, కాకపోతే కేంద్ర జాబితా ప్రకారం ఇచ్చే ఓబీసీ సర్టిఫికెట్ కావాలి, తహశీల్దారు ఆఫీసులో మామూలు కుల ధ్రువీకరణ తెచ్చుకుని సరిపోతుందనుకుంటే ఆఖరి నిమిషంలో టెన్షనే. అప్లికేషన్ ఉచితం. ఒకే కేవీకి రెండు మూడుసార్లు పెడితే ఆఖరిదాన్నే చూస్తారు, ఎక్కువసార్లు పెడితే ఛాన్సు పెరుగుతుందని నెట్ సెంటర్ కుర్రాడు చెబితే వినకండి. ఇక వయసు. కేవీలో ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి. పైన రాసిన మన రాష్ట్ర ఉచిత సీట్లకి ఐదేళ్లు చాలు. ఈ తేడా తెలియక ఐదేళ్ల పిల్లలకి కేవీ ఫారం నింపేవాళ్లున్నారు.

*మా అబ్బాయి వాళ్లు ఇంగ్లండ్‌లో ఉంటారు. మనవరాలిని సెప్టెంబర్‌లో బడిలో వేయాలి. ఇంటికి దగ్గరి స్కూల్లో రాలేదు, రెండు మైళ్ల అవతల ఇచ్చారట. కోడలు ఒకటే ఏడుపు, పిల్లని చిత్తూరు పంపించేస్తామంటున్నారు. మనవాళ్లని చూసి ఇవ్వలేదేమో అని నాకు అనుమానం. — రిటైర్డ్ టీచర్, గ్రీమ్స్‌పేట, చిత్తూరు*

సార్, పిల్లని తెచ్చుకోవడం మీ ఇంటి విషయం, నేను జోక్యం చేసుకోను. అనుమానం మాత్రం పెట్టుకోకండి, అక్కడ వరస ముందే ప్రకటించి ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లకి స్థానిక కౌన్సిల్ ఇచ్చే ప్లానులో ఫలానా స్కూలు అని రాసి ఉంటే ఆ పిల్లకి ఇచ్చి తీరాలి. తర్వాత అమ్మానాన్నల దగ్గర కాకుండా కౌన్సిల్ సంరక్షణలో పెరిగే పిల్లలు. ఆ పైన చాలా స్కూళ్లలో అక్కో అన్నో అక్కడే చదువుతున్న పిల్లలు, ఆఖర్న దూరం. చర్చి స్కూళ్లయితే మతం కూడా చూడొచ్చు. దూరం అంటే చాలా చోట్ల నడిచే దారి కాదు, మ్యాపు మీద తిన్నగా గీసిన గీత. ఒక్కోసారి పక్క వీధికి వచ్చి వీళ్లకి రాకపోవడానికి ఆ గీతే కారణం.

ప్రైమరీకి జనవరి 15 లోపు అప్లై చేయాలి, ఏప్రిల్ 16న ఫలితం. స్కూళ్లని ఇష్టం కొద్దీ వరసగా రాస్తారు గానీ, మనం ఎన్నో నంబరు ఇచ్చామో చూసి స్కూలు సీటివ్వదు. ఇప్పుడు మీ అబ్బాయికి చెప్పాల్సింది ఏంటంటే, ఇచ్చిన సీటు వద్దనకుండా ఒప్పుకుని, కావాల్సిన స్కూలు వెయిటింగ్ లిస్టులో పేరు ఉంచమనండి. ఒప్పుకున్నంత మాత్రాన లిస్టులో వెనక్కి నెట్టరు. ఆ లిస్టు కూడా ముందొచ్చినవాళ్లకి ముందు అన్నట్టు ఉండదు, పైన చెప్పిన వరసే, అందుకని రేపు ఎవరైనా ఇంకా దగ్గరలో ఇల్లు తీసుకుంటే మీ పాప ఒక మెట్టు కిందికి జరగొచ్చు కూడా. అప్పీలుకి వెళ్లొచ్చు, కానీ చిన్న తరగతుల్లో టీచర్‌కి 30 మందే అని చట్టం ఉంది, కొలతలో పొరపాటు లాంటిది ఏదైనా చూపిస్తే తప్ప గెలవడం కష్టం.

చాలా కౌన్సిళ్లు పోయిన ఏడాది ఆఖరి సీటు ఎంత దూరంలో ఉన్న పిల్లకి ఇచ్చారో ప్రకటిస్తాయి. ఇల్లు అద్దెకి తీసుకునే ముందే అది చూసుకోవచ్చు. ఇది చదివినప్పుడల్లా నాకు కొంచెం కుళ్లుగానే ఉంటుంది. మన ప్రైవేటు స్కూళ్లలో ఆ 25 శాతం పోగా మిగిలిన సీట్లు ఎవరికి ఏ లెక్కన ఇచ్చారో గేటు దగ్గర ఒక కాగితం అంటించి చెప్పే స్కూలు ఉందా? సీట్లు తక్కువ ఉండటం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. రాలేదన్నవాడికి ఎందుకు రాలేదో చెప్పేవాడు లేకపోబట్టే లెటర్లూ బ్రోకర్లూ పుట్టుకొస్తున్నారు.

*ఎల్‌కేజీకి మా పాపని ఏబీసీడీలు అడిగారు, మమ్మల్ని డిగ్రీ ఏంటని అడిగారు. తర్వాత ‘బిల్డింగ్ ఫండ్’ అన్నారు, రసీదు లేదు. — ఎం.ఆర్.పల్లి*

అడ్మిషన్‌కి పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ పరీక్ష పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్. మొదటిసారికి 25 వేల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల దాకా. డొనేషన్ తీసుకుంటే తీసుకున్నదానికి పది రెట్ల వరకు. రసీదు ఇవ్వనంటే ఆన్‌లైన్‌లో స్కూలు పేరు మీదున్న అకౌంట్‌కే వేస్తామనండి, మాట మారుతుందో లేదో చూడండి.

*మాది పూతలపట్టు దగ్గర పల్లె. బాబు నాలుగో తరగతి సగం చిత్తూరు టౌన్లో చదివి, మళ్లీ ఊరి బడికి వచ్చేశాడు. నవోదయకి రూరల్ కింద రాయొచ్చా?*

రాయకూడదు నాయనా. 3, 4, 5 తరగతులు పూర్తిగా పల్లె బడుల్లో చదివితేనే రూరల్. మధ్యలో ఒక్కరోజు టౌన్ బడిలో ఉన్నా అర్బన్ కిందే లెక్క. నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లుంటే కనీసం 75 శాతం రూరల్‌కే, కాబట్టి ఇది చిన్న నష్టం కాదు, నాకు తెలుసు. అలాగని స్టడీ సర్టిఫికెట్ మార్పించే పని పెట్టుకోకండి, అడ్మిషన్ అప్పుడు రికార్డులు చూసి తీసేస్తారు. అర్బన్‌లోనే రాయించండి. పరీక్ష జీవితంలో ఒక్కసారే, తెలుగులో రాయొచ్చు. వంద మార్కుల్లో సగం మెంటల్ ఎబిలిటీకే ఉంటాయి, టైమంతా లెక్కల మీదే పెట్టకండి.

*మున్సిపల్ హైస్కూల్లో ‘సీట్లు లేవు’ బోర్డు పెట్టారు. పాత స్కూలు వాళ్లు ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వడం లేదు. — ఒక తండ్రి, జీవకోన*

టీసీ లేదని ప్రభుత్వ బడి ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ వెనక్కి పంపకూడదు, చట్టంలోనే ఉంది. టీసీ ఆలస్యం చేసిన హెడ్‌మాస్టర్ మీదే చర్య తీసుకోవాలి. బోర్డు సంగతి వేరు: బడికి వెళ్లే హక్కు మీ పిల్లకి ఉంది గానీ ఫలానా బడిలోనే సీటు కావాలనే హక్కు లేదు. ఆ బడి నిండితే దగ్గరలో ఇంకోటి చూపించాల్సింది ఎంఈవో. రెండు విషయాలూ ఒకే అర్జీలో రాయకండి, ఒకదాని పేరు చెప్పి రెండోది పక్కన పెట్టేస్తారు. విడివిడిగా రెండు కాగితాలు ఇవ్వండి.