సౌండ్ పెంచితే సబ్‌వూఫర్ ఎందుకు పటపటమంటుంది?

హోమ్ థియేటర్ సౌండ్ బాగా పెంచినప్పుడు మాత్రమే సబ్‌వూఫర్ (బేస్ కోసం ఉండే స్పీకర్) పటపటమంటుంటే, చాలావరకు అది పాడైనట్టు కాదు, దాని శక్తికి మించి బేస్ అడుగుతున్నట్టు. ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, హెర్ట్జ్‌లలో) తగ్గేకొద్దీ కోన్, అంటే స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే భాగం, ఎక్కువ దూరం కదలాలి. ఉదాహరణకు, మూసి ఉన్న బాక్సులో 40 హెర్ట్జ్ ధ్వని ఎంత గట్టిగా వస్తుందో 20 హెర్ట్జ్ ధ్వనీ అంతే గట్టిగా రావాలంటే కోన్ కదలిక నాలుగు రెట్లు కావాలి. హద్దు దాటితే కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) లోపల కొట్టుకుంటుంది, లేదా యాంప్లిఫయర్ చేతులెత్తేసి శబ్దం చీలుతుంది. రిసీవర్‌లో (స్పీకర్లకు సౌండ్ పంపే పెట్టె), సబ్‌వూఫర్ మీద రెండుచోట్లా బేస్ పెంచి ఉంటే ఒకచోట తగ్గించండి. చాలామంది కోన్ చిరిగిందనుకుని విప్పేస్తారు. చిరిగినా, కాయిల్ రాసుకుంటున్నా సాధారణంగా తక్కువ సౌండ్‌లోనూ గరగర వినిపిస్తుంది. అన్నట్టు, పక్కనున్న బీరువా తలుపు మీద ఓసారి చెయ్యి పెట్టి చూడండి, మోగేది అదే కావచ్చు.